లైన్ బాగుంది, మరి కథ ఉందా?

సినిమా కథ రాయాలని కూర్చున్నవాళ్లకి ఐడియాల కొరత ఉండదు. ఫోన్ నోట్స్ తెరిస్తే పది పదిహేను లైన్లు, అంటే ఒకటి రెండు వాక్యాల్లో రాసుకున్న కథాసారాలు, ఎప్పుడూ ఉంటాయి. ఇబ్బందల్లా వాటిలో దేని మీద ఒక ఏడాది పెట్టాలో తేల్చుకోవడం దగ్గరే వస్తుంది. పూర్తి స్క్రిప్ట్ అంటే వంద పేజీల పైమాట. దాన్ని మూడు నాలుగుసార్లు తిరగరాయాలి. అంతా అయ్యాక ఎవరో విని "సెకండాఫ్‌లో ఏదో తేడా కొడుతోంది" అంటారు. ఇంక సెకండాఫ్ మీద పడి మళ్లీ మళ్లీ రాస్తాం. ఆ తేడా చాలాసార్లు మొదటి రోజు రాసుకున్న రెండు వాక్యాల్లోనే ఉంటుంది. పునాదిలో ఉన్న లోపాన్ని పైఅంతస్తులో వెతుకుతూ నెలలు పోగొట్టుకుంటాం.

కాబట్టి స్క్రిప్ట్ మొదలుపెట్టకముందే ఆ రెండు వాక్యాలకి గట్టిగా పరీక్ష పెట్టాలి. మన దగ్గర దీనికి ఒక అడ్డంకి ఉంది. తెలుగు పరిశ్రమలో కథని చదివించడం తక్కువ, చెప్పడం ఎక్కువ. ముందు నలుగురు కూర్చుని కథా చర్చలు, సిట్టింగులు. తర్వాత నిర్మాతకో హీరోకో నెరేషన్. రెండున్నర గంటల సినిమాని డైలాగులతో, రీరికార్డింగుతో (నేపథ్య సంగీతంతో) సహా నోటితో వినిపించే దిట్టలు ఉన్నారు. హరికథలు, బుర్రకథలు విని పెరిగిన నేల ఇది, ఆ విద్య మనకి అబ్బడంలో వింత లేదు. నాకు దాని మీద చాలా గౌరవం. అయితే బాగా చెప్పేవాడి నోట్లో పడితే బలహీనమైన కథ కూడా బలంగా వినపడుతుంది. సరైన చోట గొంతు తగ్గించి, ఇంటర్వెల్ దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్లలోకి చూస్తూ చెబితే వినేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. అడ్వాన్స్ చెక్కు కూడా వస్తుంది. తీరా తెర మీదికి వచ్చేసరికి ఆ గొంతు ఉండదు, కథ ఒక్కటే ఉంటుంది. నెరేషన్‌కి మంచి స్పందన రావడం వేరు, ఐడియా పరీక్షలో నెగ్గడం వేరు. మనం పక్కన లేనప్పుడు కూడా ఆ కథ నిలబడుతుందా అన్నది చూడాలి.

సన్నివేశాలు వాటంతట అవే రావాలి

ఏ లైన్ విన్నా ముందుగా "కొత్తగా ఉందా?" అని అడగడం మనకి అలవాటు. నా దృష్టిలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. మొదటి ప్రశ్న ఇది: ఈ లైన్ విన్నాక సన్నివేశాలు వాటంతట అవే పుడుతున్నాయా, లేక మనం ఒక్కొక్కటీ బలవంతంగా పుట్టించాల్సి వస్తోందా?

2010లో వచ్చిన 'మర్యాద రామన్న' తీసుకోండి. హీరో తెలియక తన మీద పగబట్టిన కుటుంబం ఇంట్లోకే అతిథిగా వెళతాడు. గడప లోపల రక్తం చిందకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. గడప దాటితే చంపేస్తారు. ఈ నియమం ఒక్కటి చెప్పి పదిమందిని ఒక గదిలో కూర్చోబెడితే గంటలో పాతిక సన్నివేశాలు చెబుతారు. వాడు ఇంట్లో ఉండిపోవడానికి సాకులు వెతుకుతాడు. వీళ్లు వాణ్ని బయటికి పంపడానికి సాకులు వెతుకుతారు. ఇంట్లో విషయం తెలియనివాళ్లు అమాయకంగా "బయటికి వెళ్లొద్దాం రండి" అంటారు. మామూలు ఇంట్లో మామూలుగా జరిగే ప్రతి పనీ ప్రాణాల మీదికి వస్తుంది. ఈ ఆలోచనకి మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ'. అమెరికా నేపథ్యంలో పుట్టిన నియమం ఎనభై ఏడేళ్ల తర్వాత రాయలసీమ ఫ్యాక్షన్ ఇంట్లో కూడా అంతే చురుగ్గా పనిచేసింది. లైన్‌లో సత్తా ఉంటే ఊరు మారినా, కాలం మారినా సన్నివేశాలు ఇస్తూనే ఉంటుంది.

దీనికి తోడు ఇంకో గుణం కావాలి. పాత్రలు ఆ పరిస్థితిని వదిలేసి వెళ్లిపోలేకుండా ఉండాలి. 1955 నాటి 'మిస్సమ్మ'లో అప్పాపురం బడికి భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్ టీచర్లే కావాలి. ఉద్యోగాల్లేని ఇద్దరు, అదీ వేర్వేరు మతాలవాళ్లు, మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి చేరిపోతారు. బెంగాలీలో రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' దీనికి ఆధారం. ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఆ అబద్ధం కంటే దాని చుట్టూ కట్టిన కంచె. హీరోయిన్ మేరీకి ఆ ఊరు, ఆ వేషం నచ్చవు, ఏ క్షణాన్నైనా వెళ్లిపోతానంటుంది. వెళ్లలేదు. ఇంటి మీద అప్పు ఉంది, అప్పిచ్చినవాడు పెళ్లి చేసుకోమని మెడ మీద కూర్చున్నాడు. ఆ అప్పు ఒక్కటి తీసేస్తే రెండో రోజే ఆమె బస్సెక్కేస్తుంది, సినిమా అయిపోతుంది. మన లైన్‌ని కూడా ఇలా అడగాలి: "ఈ మనిషి ఇదంతా వదిలేసి ఇంటికెళ్లి పడుకోవచ్చు కదా?" దానికి సూటిగా జవాబు దొరక్కపోతే కథ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, అదీ సాధారణంగా ఇంటర్వెల్ తర్వాత.

చాలా లైన్లు ఇక్కడే వెనకబడతాయి. "మతిమరుపున్న లాయర్", "మాట్లాడలేని సింగర్" లాంటివి పాత్రకి ఒక లక్షణాన్ని ఇస్తాయి అంతే. ట్రైలర్‌కి బాగుంటాయి. ఆ లాయర్ ఏ కేసు మర్చిపోతే ఎవరికి ఉరి పడుతుందో తేలేదాకా అది కథ కాదు.

ఒక బస్సు, ఒక కండక్టరు

ఇదంతా పైపైన చెబితే అర్థమైనట్టే ఉంటుంది, పని దగ్గరికి వచ్చేసరికి చేతికి చిక్కదు. అందుకని ఒక లైన్‌ని ఎదురుగా పెట్టుకుని మొదటినుంచీ నడిపి చూద్దాం.

పల్లెలకి వెళ్లే ఆర్టీసీ బస్సుల్లో నైట్‌హాల్ట్ అని ఉంటుంది. రాత్రి చివరి ట్రిప్పుకి బస్సు ఊరు చేరి అక్కడే ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు ఆ ఊళ్లోనే పడుకుని, తెల్లారకముందే మొదటి ట్రిప్పుగా టౌనుకి బయలుదేరతారు. కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు, ఆస్పత్రికి వెళ్లే ముసలివాళ్లు అందరూ దాని మీదే ఆధారపడతారు. కలెక్షన్ రాకపోతే డిపో ఆ ట్రిప్పుని ఎత్తేస్తుంది. ఇందులోంచి వచ్చే లైన్: 'నైట్‌హాల్ట్ బస్సు రద్దు కాకుండా ఉండాలని ఒక కండక్టరు, బస్సులో లేని ప్రయాణికుల పేరుతో తన జేబులోంచి డబ్బు పెట్టి రోజూ టికెట్లు కొడుతుంటాడు.'

వినగానే నచ్చుతుంది. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వని కండక్టర్ల మీద కేసులు మనకి తెలుసు. టికెట్ కొట్టి మనిషిని ఎక్కించని కండక్టరు కొత్త. చెకింగ్ స్క్వాడ్ ఎక్కి లెక్కపెడితే టికెట్ల కంటే మనుషులు తక్కువ! "వాళ్లంతా వెనక స్టేజీలో దిగిపోయారు సార్" అని ఆయన చెప్పడం, ఇన్‌స్పెక్టర్ మెషీన్‌లో స్టేజీలు చూసుకోవడం... ఒక సీన్ వెంటనే కళ్ల ముందు కనపడుతోంది. ఇలా అడగకుండానే ఒక సీన్ వచ్చిందంటే మంచి లక్షణమే.

ఇప్పుడు పరీక్షలు. ఆయన ఎందుకు ఇలా చేస్తున్నాడు? మొదట తట్టే జవాబు: ఆ ఊరి నుంచి ఒక అమ్మాయి టౌన్లో ఇంటర్ చదువుతోంది, బస్సు ఆగితే చదువు ఆగుతుంది, పెళ్లి చేసేస్తారు. ఇలా రాసుకుని ఎవరికైనా చెబితే వాళ్లు ఇంకొకరికి చెప్పేటప్పుడు "ఒక మంచి కండక్టరు ఒక అమ్మాయి చదువుకోవడానికి సాయం చేస్తాడు" అంటారు. ప్రభుత్వ ప్రచార చిత్రంలా ఉంది. మంచివాడు మంచిపని చేస్తుంటే మనం చప్పట్లు కొడతాం, టెన్షన్ పడం. లైన్‌లో ఉన్న పదును ఆ "ఎందుకు" దగ్గర మొద్దుబారిపోయింది.

ఆ ముడి విప్పేముందు లెక్క వేద్దాం, ఎందుకంటే లెక్కలు చాలాసార్లు రచయిత కంటే బాగా ఆలోచిస్తాయి. ఊరికి టౌనుకి 40 కిలోమీటర్లు అనుకుందాం. బస్సు లీటరుకి సుమారు ఐదు కిలోమీటర్లు ఇస్తే ఒక్క ట్రిప్పుకి ఎనిమిది లీటర్ల డీజిల్. 2019 ధరల్లో లీటరు డెబ్బై రూపాయల చొప్పున డీజిల్‌కే 560. మన కండక్టరు రోజూ ఇరవై రూపాయల టికెట్లు ఐదు కొడితే వచ్చేది వంద. వంద రూపాయలతో ఏ డిపో మేనేజరూ మనసు మార్చుకోడు. లెక్క కుదరాలంటే రోజుకి కనీసం మూడు వందలు పెట్టాలి. అంటే నెలకి తొమ్మిది వేలు. కండక్టర్ జీతంలో తొమ్మిది వేలు పోతే ఇంట్లో తెలియకుండా ఉంటుందా? చీటీ కట్టలేదని చీటీలు నడిపే ఆవిడ ఇంటికొస్తుంది. భార్య అడుగుతుంది. ఆవిడకి మొదట వచ్చే అనుమానం ఆ ఊళ్లో ఈయనకి ఇంకో సంసారం ఉందేమోనని. రాత్రుళ్లు అక్కడే పడుకుంటాడు మరి. డీజిల్ లెక్క వేస్తే భార్య పాత్ర పుట్టింది, కథ డిపోలోంచి ఇంట్లోకి వచ్చింది. మనం కూర్చుని ఎంత ఊహించినా ఇంత సహజంగా వచ్చేది కాదు.

ఇక ఎందుకు అన్న ప్రశ్న. అమ్మాయి చదువు కథలో ఉండనివ్వండి, కానీ ఈయనకే ఎందుకు పట్టింది? డ్రైవరుకి ఎందుకు పట్టలేదు, సర్పంచికి ఎందుకు పట్టలేదు? ఇలా అడిగినప్పుడు చాలామంది ఒక గతం అతికిస్తారు: చిన్నప్పుడు చెల్లెలు చదువు మానేసింది, కూతురు చనిపోయింది లాంటివి. అవి బయటి నుంచి తెచ్చినవి. జవాబు లైన్ లోపలే ఎక్కడో ఉంటుంది, అక్కడే తవ్వాలి. కలెక్షన్ ఎందుకు పడిపోయింది? ఏళ్ల తరబడి ఈ కండక్టరే సగంమందికి టికెట్ ఇవ్వకుండా డబ్బు జేబులో వేసుకున్నాడు కాబట్టి!

ఇప్పుడు లైన్ మారిపోయింది: 'తను కాజేసిన డబ్బు వల్ల నష్టాల్లోకి వెళ్లిన బస్సుని కాపాడటానికి ఒక కండక్టరు, బస్సులో లేని ప్రయాణికుల పేరుతో ఆ డబ్బు తిరిగి కడుతుంటాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేడు.' ఊళ్లోవాళ్లు దేవుడిలాంటివాడు అంటుంటే ఆయనకి ముద్ద దిగదు. ఒకప్పుడు టికెట్ లేకుండా పది రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిన ముసలమ్మే ఇప్పుడు బస్సు పోతుందని ఏడుస్తుంది. సన్నివేశాలు వస్తున్నాయి.

ఇక్కడ చాలామంది సంబరపడి రాయడం మొదలుపెట్టేస్తారు. నేనైతే ఆగి, ఈ లైన్‌ని ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మనిషికి చెప్పమంటాను. సినిమా తెలిసిన స్నేహితుడు "క్యారెక్టర్ ఆర్క్ బాగుంది" అంటాడు. ఆ పెద్దాయన మాత్రం, "దొంగతనం మానేస్తే కలెక్షన్ దానంతట అదే పెరుగుతుంది కదా బాబూ, మళ్లీ జేబులోంచి పెట్టడమెందుకు?" అంటాడు. నిజమే! పెద్ద కన్నం. పూడ్చాలి. ఆయన కాజేసిన రోజుల్లో నష్టాలు చూపించి డిపో పగటి ట్రిప్పులు ఎత్తేసింది, జనం విసుగెత్తి షేర్ ఆటోలకి అలవాటు పడ్డారు, ఇప్పుడు నిజంగానే బస్సెక్కేవాళ్లు లేరు. అలా చేస్తే తప్పు ఇంకా పెద్దదవుతుంది. డబ్బు తిరిగి కట్టగలడు, పోయిన అలవాటుని తిరిగి తేలేడు. ఆటోలు నడిపే మనిషి కూడా కథలోకి వచ్చాడు, బస్సు ఆగిపోవడం వల్ల బాగుపడేవాడు. చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఈయన మీద పగేమీ లేదు, డ్యూటీ చేస్తున్నాడంతే. ప్రతినాయకుడిగా అతను తేలిపోతాడు. ఆటో ఓనరు తేలడు, ఎందుకంటే అతనూ తన పిల్లల కోసమే నడుపుకుంటున్నాడు.

అదే పెద్దాయన ఇంకో ప్రశ్న వేస్తాడు. "ఈయన ఆఫ్‌లో ఉన్న రోజు సంగతేంటి?" నైట్‌హాల్ట్‌కి ఒకే కండక్టరు నెలంతా వెళ్లడు. ఈయన డ్యూటీలో ఉన్న రోజే కలెక్షన్ పెరిగి, ఇంకొకాయన వచ్చిన రోజు పడిపోతే డిపోలో ఎవరో ఒకరు గమనిస్తారు. ఇంకా వెనక్కి వెళ్లి చూస్తే పాత రోజుల్లో దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండు దొంగలెక్కలూ ఒకే రిజిస్టర్‌లో పక్కపక్కనే ఉన్నాయి, ఆయన తప్పూ ఆయన ప్రాయశ్చిత్తమూ. మనం కష్టపడి కల్పించాల్సిన సాక్ష్యం డిపో కాగితాల్లో ముందే తయారుగా ఉంది.

కాలం కూడా తేల్చుకోవాలి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. కండక్టరు వాళ్లకి జీరో టికెట్ ఇస్తాడు. ఈ కథని ఇవాళ్టి రోజుల్లో పెడితే ఆయన రూపాయి ఖర్చు లేకుండా జీరో టికెట్లు కొట్టేయొచ్చు. రిస్క్ ఉంటుంది, త్యాగం పోతుంది. తొమ్మిది వేలు పోతుంది, భార్య అనుమానం పోతుంది, సగం సినిమా పోతుంది. కాబట్టి కథ 2023కి ముందే జరగాలి. 2019 అయితే ఇంకా మంచిది. ఆ ఏడాది అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకి దిగారు, నవంబర్ 25న విరమించారు. ఆ రోజుల్లో తాత్కాలిక సిబ్బందితో బస్సులు నడిపారు. జీతం రాని ఇంట్లో, అప్పటికే చేబదుళ్లు చేసిన ఈ మనిషి ఏం చేస్తాడు? ఈయన లేకుండా నడిచిన బస్సు కలెక్షన్ ఎలా ఉంటుంది? సమ్మెని వాడుకోవాలంటే దానికి న్యాయం చేయాలి, నేపథ్యంగా అంటించి వదిలేస్తే అందులో నలిగిపోయినవాళ్లకి అన్యాయం చేసినట్టే. అంత బరువు ఈ కథ మోయగలదా అన్నది నాకు ఇంకా అనుమానమే. సెప్టెంబర్‌కే కథ ముగించేయడం కూడా ఒక దారి.

ఇంటర్వెల్ ఎక్కడ?

పాశ్చాత్య స్క్రీన్‌ప్లే పుస్తకాల్లో మూడు అంకాల లెక్క ఉంటుంది. మన థియేటర్లో లైట్లు వెలిగి జనం సమోసాలకి లేచే ఇంటర్వెల్ ఉంటుంది. కాబట్టి లైన్ దశలోనే "లైట్లు వెలిగే ముందు ఏం జరుగుతుంది?" అని అడగడం మనకి అవసరం. నలుగురిని అడిగితే ముగ్గురు, ఈయనే ఒకప్పుడు దొంగ అన్న సంగతి ఇంటర్వెల్‌లో బయటపెట్టమంటారు. ట్విస్ట్ కదా. నేను ఒప్పుకోను. అంతదాకా దాచితే ఫస్టాఫ్ అంతా మళ్లీ ఆ మంచి కండక్టరు ప్రచార చిత్రమే అవుతుంది. మనం వదిలించుకున్న జబ్బుని మళ్లీ తెచ్చుకున్నట్టు. పదిహేను నిమిషాల్లోనే ప్రేక్షకుడికి చెప్పేయాలి. అప్పుడు ఊళ్లో ఎవరు మెచ్చుకున్నా మనకి లోపల గుచ్చుకుంటుంది, రిజిస్టర్ తెరిచిన ప్రతిసారీ గుండె జారుతుంది. ఇంటర్వెల్‌కి బస్సు నిలబడుతుంది, కలెక్షన్ పెంచినందుకు ఊరంతా ఆయనకి శాలువా కప్పుతుంది, అదే సమయానికి డిపోలో ఎవరో ఆఫ్ రోజుల లెక్క చూసి పెన్ను ఆపుతారు.

క్లైమాక్స్ అయితే లైన్‌లోంచే వచ్చింది. విచారణలో అడుగుతారు: "ఎక్కని మనుషులకి టికెట్లు ఎందుకు కొట్టావు?" నిజం దాస్తే ఆయన మీద చిన్న చర్యతో సరిపోవచ్చు, కానీ ఆ కలెక్షన్ దొంగదని తేలి ట్రిప్పు రద్దవుతుంది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. అయితే పాత నష్టాలు బస్సువి కావని, తనవని నిరూపణ అవుతుంది, ట్రిప్పుకి మళ్లీ ఒక అవకాశం దొరుకుతుంది. ఉద్యోగమా, బస్సా? రెండూ ఒకేసారి మిగలవు. చివరి ప్రశ్న ఇంత సూటిగా రెండు వైపులా కోస్తుంటే ఇక ఈ లైన్ మీద సమయం పెట్టొచ్చు. ముగింపు కోసం ఎక్కడినుంచో ఒక యాక్సిడెంట్‌నో, గూండాలనో తెచ్చుకోవాల్సి వచ్చిందంటే మాత్రం ముందు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబు దొరకలేదని అర్థం.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మొదట అన్న నెరేషన్ చిక్కుకి నాకు తెలిసిన మంచి విరుగుడు ఒకటే. కథని రెండు మూడు నిమిషాల్లో, నటించకుండా, మామూలు గొంతుతో చెప్పాలి. "ఎలా ఉంది?" అని అడగకూడదు. తెలిసినవాళ్లు బాగుందనే అంటారు, మొహమాటం. వారం ఆగి, "ఆ రోజు చెప్పిన కథ మీ ఆవిడకి ఒకసారి చెప్పండి, నేను వింటాను" అనాలి. వాళ్లు ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఏ సంగతి ముందే గుర్తొచ్చింది, ఎక్కడ తడబడి "ఆ తర్వాతేదో జరుగుతుంది" అని దాటేశారు, ఇవన్నీ శ్రద్ధగా వినాలి. దాటేసిన చోటల్లా కథ వదులుగా ఉంది. వాళ్లు తమకి తెలియకుండానే మార్చి చెప్పిన చోట చాలాసార్లు మన కంటే మంచి ఆలోచన ఉంటుంది. వింటున్న ఆవిడ మధ్యలో అడిగే ప్రశ్న ఇంకా విలువైంది, ఆవిడకి మన ముఖం చూసి మొహమాటపడాల్సిన పనిలేదు.

ఎవరికి చెప్పాలన్నది కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ఆ లోకంలో బతికిన మనిషి ఒకరు, సినిమాలు మామూలుగా చూసేవాళ్లు ఇద్దరు ముగ్గురు, రాయడం తెలిసినవాళ్లు ఒక్కరు చాలు. పదిహేనుమందికి చెబితే పదిహేను కథలు తయారవుతాయి. సలహాల్లో కూడా తేడా గమనించాలి. "ఇక్కడ నాకు నమ్మబుద్ధి కాలేదు" అన్న మాట దాదాపు ఎప్పుడూ నిజం. "ఇక్కడ ఒక పాట పెట్టు" అన్నది వాళ్ల కథ. మొదటిది రాసుకోండి, రెండోది నవ్వి వదిలేయండి.

ఇన్ని మాటలు చెప్పినా చాలామంది తమ లైన్ బయటపెట్టరు. ఎవరైనా కొట్టేస్తారని భయం. ఆ భయం ఊరికే రాలేదు, మోసపోయినవాళ్లు ఉన్నారు. చట్టం ఏమంటోందో మాత్రం తెలుసుకోవాలి. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని ఒక సినిమా దర్శకుడికి వినిపించారు. తర్వాత వచ్చిన 'న్యూ ఢిల్లీ' సినిమా తన నాటకానికి నకలని కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు 1978లో తీర్పు ఇచ్చింది: ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, ఆ ఆలోచనని రచయిత ఏ రూపంలో, ఏ వరుసలో, ఎలా వ్యక్తం చేశాడో దానికే రక్షణ. ఆయన కేసు ఓడిపోయారు. కాబట్టి "కండక్టరు దొంగ టికెట్లు కొడతాడు" అన్న ఒక్క వాక్యాన్ని చట్టం కాపాడదు. భార్య అనుమానం, ఆఫ్ రోజుల రిజిస్టర్, శాలువా కప్పే ఇంటర్వెల్, విచారణలో ఆ ప్రశ్న, ఇవన్నీ ఒక వరుసలో ఐదారు పేజీల సినాప్సిస్‌గా (కథా సంగ్రహంగా) రాసుకుంటే అది మీ రచన. దాన్ని తెలుగు సినీ రచయితల సంఘంలోనో, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనో రిజిస్టర్ చేస్తే ఫలానా తేదీకే మీ దగ్గర ఈ కథ ఉందనడానికి ఆధారం ఉంటుంది. అంటే పరీక్షలు పెట్టి లైన్‌ని పెంచుకునే కొద్దీ దాని రక్షణ కూడా పెరుగుతుంది. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక్క వాక్యం కంటే, ముందు రాసి, రిజిస్టర్ చేసి, తర్వాత నలుగురికి చెప్పిన కథే భద్రం.

అన్ని లైన్లూ ఈ పరీక్షల్లో నెగ్గవు. ఎక్కువ శాతం నెగ్గవు కూడా. అలాంటప్పుడు కొత్త రచయితలు రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు మమకారంతో మొండిగా రాసేస్తారు, కొందరు నిరాశతో చించి పారేస్తారు. లైన్‌ని పక్కన పెట్టండి, దాని కింద అది ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యం రాయండి. "వదిలేసి వెళ్లకుండా పట్టి ఉంచే కారణం లేదు." "సెకండాఫ్‌లో ఎదుటివాడు లేడు." "దీనికి బడ్జెట్ ఇప్పుడు నా వల్ల కాదు." ఏళ్ల తర్వాత ఆ నోట్స్ తిరగేసినప్పుడు ఐడియా కంటే ఆ వాక్యమే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అప్పటికి దానికి జవాబు మీకు వేరే ఎక్కడో దొరికి ఉండొచ్చు. ఒక ఈగ మనిషి మీద పగ తీర్చుకుంటే ఎలా ఉంటుందని విజయేంద్రప్రసాద్ 1990ల్లో సరదాగా అన్న మాట రాజమౌళి దగ్గర అలాగే ఉండిపోయింది. 'మర్యాద రామన్న' తర్వాత దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. 'ఈగ' 2012లో వచ్చింది.